గోడవతలి శ్రుతి

రెండు పాటల్ని ఒకదాని మీద ఒకటి ఎక్కించి వదిలేస్తే వాటంతటవే కాపురం చేసుకుంటాయనుకునే రకం వీడు, అనుకున్నాడు సాకిబ్, తనకు ముందు వాయిస్తున్న కుర్రాడి మెడ మీది పచ్చబొట్టు చూస్తూ. పచ్చబొట్టులో హెడ్‌ఫోన్స్ బొమ్మ. అసలు హెడ్‌ఫోన్స్ దాని కిందే వేలాడుతున్నాయి, ఇంతసేపట్లో ఒక్కసారి చెవికి తగిలిన పాపాన పోలేదు. వేగాలు కలిపే పని మిషనుకు అప్పజెప్పాడు, ఇక మిగిలింది చేతులు గాల్లోకి ఎత్తడమే, ఆ మాత్రానికి వీణ్ణి బొట్టుపెట్టి పిలిచి హైదరాబాదు నుంచి కార్లో తీసుకొచ్చారు. ఇదిగో, ఇప్పుడే, వెళ్ళిపోయే పాట ఒక శ్రుతిలో ఉంది, వచ్చే పాట ఇంకో శ్రుతిలో ఉంది, రెండూ జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నాయి, వింటుంటే పళ్ళు పులుస్తున్నాయి, అయినా పచ్చిక మీద ఇంతమందిలో ఒక్కరైనా ముఖం చిట్లించారా అంటే లేదు. చిట్లిస్తే నల్లకళ్ళద్దాలు జారిపోతాయి కాబోలు. వికారాబాదు గుట్టల మీద ఆదివారం సాయంత్రపు ఎండ, పక్కన కాల్చిన మక్కకంకులు, చేతిలో గ్లాసు, వెనక ఫొటోకు పనికొచ్చే అడవి. పాట ఏదైతే వీళ్ళకేమిటి, రేపు ఆఫీసులో చెప్పుకోవడానికి మోత ఉంటే చాలు. గాడిదకేం తెలుసు గంధపు వాసన. పచ్చబొట్టు కుర్రాడు దిగుతూ దిగుతూ, "మానిటర్ బాలేదు బ్రో, ఏం వినపడట్లేదు," అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు, అనుకున్నాడు సాకిబ్, పైకి మాత్రం తలాడించాడు.

ఈ చెవుల్లేని మంద ముందే తన బతుకు తేలాలి, అదీ కడుపుమంట. ఈ గంట బాగా నడిస్తే నెలకో ఆదివారం నీదేనని అనిల్‌కుమార్ మాటిచ్చాడు. అనిల్ కూడా సాకిబ్‌లాగే తాండూరువాడే, వాళ్ళకు కందిపప్పు మిల్లుంది, బడిలో సాకిబ్ వెనక బెంచీలో కూర్చుని వాడి భుజం మీదుగా లెక్కలు దింపుకునేవాడు. ఇప్పుడు పేరును ఏకే అని రెండక్షరాలకు కుదించుకుని, పిల్లిగడ్డం పెంచి, ఈ రిసార్టులో పాటల పండగలు నడుపుతున్నాడు. పప్పు తూచిన చేత్తోనే పాటలు తూస్తున్నాడు, అదీ వాడి తక్కెడ మీద సాకిబ్ కూర్చోవాల్సి వచ్చింది. నడవకపోతే అన్న కాశిఫ్ డీజే బండి ఉండనే ఉంది. ఇంట్లో ఒప్పందం అదే: ఇవాళ తేలకపోతే ఈ పెళ్ళిళ్ళ కాలమంతా సాకిబ్ నోరు మూసుకుని ఆ డీసీఎం వ్యాను ఎక్కాలి, రేపు పెద్దేముల్ బరాత్‌తోనే మొదలు. ఆ బండి తలుచుకుంటేనే వాడి ఒళ్ళు కంపరమెత్తుతుంది. వెనక గుర్రం మీద నిద్రకు ఊగుతున్న పెళ్ళికొడుకు, ముందు ఊగుతున్న బావమరుదులు, ఒక పాట సగంలో ఉండగానే కింద నుంచి కేక, "గది బంద్ జేసి గా పాట వెయ్," కాశిఫ్ మీట తోస్తాడు, కొత్త పాట పాత పాట నెత్తిన పిడుగులా పడుతుంది, అందరూ ఈలలు. శ్రుతి అన్న మాట ఎత్తితే కాశిఫ్ ఏదో రోగం పేరు విన్నట్టు చూస్తాడు. బండి నిండా బాక్సులు, బాక్సుల నిండా లైట్లు, లోపల మాత్రం ఉత్త డొల్ల. చచ్చినా మళ్ళీ ఆ బండెక్కనని సాకిబ్ ఎన్నిసార్లు అనుకున్నాడో, ఎన్నిసార్లు ఎక్కాడో.

పాట వదలబోయే ముందు స్పీకర్లను ఖాళీగా ఉంచి ఒక్క క్షణం విన్నాడు, అప్పుడు పట్టుబడింది. అడుగున ఒక రొద, సన్నగా, ఆగకుండా, ఒకే స్వరం మీద. ఎవరి నిర్వాకమో వేరే చెప్పాలా. రిసార్టు బాక్సులు చాలవని అనిల్ కాశిఫ్ బాక్సుల్నే కిరాయికి తెప్పించాడు, కాశిఫ్ స్టేజీ వెనక ఎండిపోయిన ఎర్రమట్టిలో ఎర్త్ కడ్డీని జానెడు దిగగొట్టి చేతులు దులుపుకున్నాడు. ఎర్త్ అందకపోతే లైనులోని కరెంటే స్పీకర్లలో ఇట్లా మూలుగుతుంది, కడ్డీ మొదట్లో ఉప్పునీళ్ళు పోస్తే నోరు మూస్తుంది, బండి మీద పనిచేసే ప్రతివాడికీ తెలిసిన సంగతే. అన్నదమ్ములకు ఇంట్లో ఉర్దూ, పనిలోకి దిగితే తెలుగు, బండి మీది అలవాటు.

"భాయ్, ఎర్త్ మంచిగ లేదు. గుయ్యిమంటుంది. జర నీళ్లు పొయ్యి."

"గింత మోతల గది ఎవనికి ఇనవడ్తది రా," అన్నాడు కాశిఫ్, బాక్సుకు వీపు ఆనించి, కంకి కొరుకుతూ.

"నాకు ఇనవడ్తది."

"నీకు ఊర్ల కుక్క మొరిగినా ఇనవడ్తది. ఆగు, క్యాన్ బండిల ఉంది, తెస్త."

తెస్తాడు, కంకి అయ్యాక, చేతులు కడుక్కున్నాక, కడుక్కున్న నీళ్ళే మిగిలితే అవి పోస్తాడు. సాకిబ్ మొదటి పాట వదిలాడు. ఇక్కడి నుంచి దారి అంతా వాడు నెలల తరబడి వేసుకున్నదే. సాఫ్ట్‌వేరు ప్రతి పాటకూ శ్రుతిని బట్టి ఒక నంబరు ఇస్తుంది, గడియారంలో గంటల్లాగా. ఒకటిలో ఉన్న పాట నుంచి రెండుకు పోవచ్చు, పన్నెండుకు పోవచ్చు, ఒకటిలోనే కాసేపు కూర్చోవచ్చు. అట్లా పక్కింటికి వెళ్ళినట్టు వెళ్తే పాట మారినట్టే తెలియదు. ఒళ్ళు కొవ్వెక్కి ఒకటి నుంచి ఏడుకు దూకితే రెండు పాటలూ వీధికెక్కుతాయి. ఇంతే విద్య, దీన్ని నేర్చుకోవడానికి పచ్చబొట్టు అక్కర్లేదు. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు, ఒక పాట తోకను ఇంకో పాట నోటికి అందిస్తూ సాకిబ్ మెట్టుమెట్టుగా ఎక్కించుకుపోతున్నాడు, ఆరు దగ్గర ఒక డచ్చి కుర్రాడి ట్రాన్స్ రకం పాట, అందులో డోలు ఆగిపోయి వట్టి స్వరాలు మిగిలే చోట తన సొంత పాట పైకి రావాలి, రెండూ ఒకే గొంతుగా కాసేపు నిలవాలి, అప్పుడు డోలు దిగాలి. ఈ గంటంతా ఆ ఒక్క కలయిక కోసమే. ఒక పిల్ల స్టేజీ దగ్గరికి వచ్చి, బాక్సు మీద మోచెయ్యి ఆనించి, "అన్నా, ఇదంతా ఒకటే పాట లెక్క ఉంది, ఏమన్నా మాస్ సాంగ్ వెయ్," అంది. ఒకటే పాటలా ఉందట. దాని కోసమే కదా చచ్చింది. పొగిడినట్టని తెలియకుండానే పొగిడి, మూతి ముడుచుకుని పోయింది. పెద్దేముల్ బరాత్‌లో బావమరిదికీ దీనికీ తేడా ఒంటి మీది సెంటే.

వాడి చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, మనసు మాత్రం తాండూరు పోయింది, అదెప్పుడూ అంతే, ఎంత మంచి చోటికి తీసుకొచ్చినా ఆ సందులోకే దూరుతుంది. స్టేషను అవతల సందు, మోరీ నిండా పాలిష్ నీళ్ళు తెల్లగా గడ్డకట్టి, ఇంటి గోడా పాలిష్ మిషను గోడా ఒకటే గోడ. నాపబండలు నున్నగా చేసే ఆ మిషను పొద్దున మొదలైతే కరెంటు పోయేదాకా ఆగదు, గుయ్యిమంటూనే ఉంటుంది, పుట్టినప్పటి నుంచీ విన్నది కాబట్టి వినపడదు కూడా. అబ్బా, అంటే వాడి నాన్న తాజ్ మొహమ్మద్, ఆ మిషను మీదే చెవులు పోగొట్టుకున్నాడు. ఆయనతో ఏం చెప్పాలన్నా అరవాలి, ఆయన ఏం చెప్పినా అరుస్తాడు, ఇంటి గుట్టంతా వీధి పాలు. కొడుకు చేసిన పాట వినండని ఒకరోజు హెడ్‌ఫోన్స్ పెడితే, కళ్ళు మూసుకుని, కప్పుల మీద అరచేతులు అదిమి చాలాసేపు విని, మిషను బాగానే నడుస్తోందని సందు దద్దరిల్లేలా అరిచాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. సాకిబ్ ఆ పూట అన్నం తినలేదు, ఎందుకు తినలేదో కూడా ఆయనకు వినిపించలేదు.

అమ్మీ ఇంకో రకం. జహీరాబీ రొట్టెలు చేస్తూ, బియ్యం చెరుగుతూ, పెదాలు విప్పీ విప్పకుండా ఏదో కూనిరాగం తీస్తూనే ఉంటుంది, పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు ఢోలక్ మీద పాడే పాటల ముక్కలు, ముందూ వెనకా లేకుండా. అదీ గోడవతల మిషను ఆడుతున్నంతసేపే. కరెంటు పోయిందా, మిషను ఆగుతుంది, సందంతా చెవులు గింగురుమంటాయి, అమ్మీ కూడా ఆపేస్తుంది, పాట మధ్యలో, మాట మధ్యలో. ఎందుకాపావంటే, నేనేం చేస్తున్నానని ఆపడానికి అంటుంది, పాడుతున్నట్టే ఆమెకు తెలియదు. కరెంటు వస్తే ఆపిన చోటి నుంచే మళ్ళీ. ఊతకర్ర లేనిదే నిలబడలేని గొంతు అని సాకిబ్ నవ్వేవాడు. నవ్వుతూనే దాన్ని ఫోన్లో ఎక్కించుకున్నాడు. దాంట్లోంచి మిషను రొదనంతా వారాల తరబడి గీకి గీకి తీసేశాడు, గొంతొక్కటే మిగిలేదాకా. ఆ గొంతు చుట్టూ స్వరాలు పేర్చి పాట కట్టాడు, అదే గోడకు ఆనుకుని కూర్చుని, ఏది కుదిరిందో ఏది కుదరలేదో చెవితోనే తేల్చుకుంటూ. సాఫ్ట్‌వేరు దానికి ఆరు ఇచ్చింది. డచ్చివాడి పాటకూ ఆరే ఇచ్చింది. ఆ రెంటినీ ఆ గదిలో ఎన్నిసార్లు కలిపి విన్నాడో, విన్న ప్రతిసారీ డచ్చివాడి పాటే వెంట్రుకవాసి దిగినట్టు తోచేది. ఎంత పేరుంటేనేం, శ్రుతి మీద శ్రద్ధ లేదని తెల్లవాడి మీద తీర్పు చెప్పేశాడు, ఆ దిగుడు పట్టగలిగింది లోకంలో తన చెవి ఒక్కటేనని లోలోపల మురిశాడు.

ఐదు దాటింది, ఆరు వచ్చింది. ఎండ గుట్ట వెనక్కి వాలుతోంది, డచ్చి పాట పైకి పైకి పోయి, ఉన్నట్టుండి డోలు ఆగింది, వట్టి స్వరాలు పచ్చిక మీద పరుచుకున్నాయి. ఆ స్వరాల కింద మళ్ళీ ఆ రొద. ఇంకా పొయ్యలేదు కాశిఫ్. రొద స్వరాల కంటే వెంట్రుకవాసి పైన నిలబడి వాటిని గిల్లుతోంది. సాకిబ్ వెనక్కి తిరిగి కళ్ళెర్రజేసి, చేత్తో పొయ్యమని సైగ చేశాడు. కాశిఫ్ బండి వైపు నడిచాడు, బరాత్ ముందు నడిచినంత తీరిగ్గా. సాకిబ్ తన పాట మీట మెల్లగా పైకి తోశాడు, పాట మొదట్లోని అమ్మీ వట్టి గొంతు వచ్చింది.

వచ్చి, వణికింది. డచ్చివాడి స్వరాలూ అమ్మీ గొంతూ దగ్గరదగ్గరగా వచ్చి కలవకుండా ఆగిపోయి, రెంటి మధ్యా గాలి వావ్ వావ్‌మని కొట్టుకోసాగింది, గంట కింద పచ్చబొట్టువాడి పాటల కంటే అన్యాయంగా. అది దూరపు శ్రుతుల కొట్లాట, ఇది ఒకే నంబరు ఇంట్లో కొట్లాట. కాశిఫ్ బాక్సులో స్పీకరు కోను చినిగిందనుకున్నాడు ముందు. పచ్చబొట్టువాడు ఏ మీటో తిప్పి పోయాడనుకున్నాడు. డచ్చివాడే దిగాడు, ఎప్పుడూ దిగేవాడే అనుకున్నాడు. ఓడు అనడానికి మద్దెలలన్నీ అయిపోయాయి. డచ్చి పాటను ఒక్క క్షణం దాదాపు అణిచి చూశాడు, అమ్మీ గొంతు, దాని కింద రొద. వణుకు లేదు. వేలికి తొడిగిన ఉంగరంలా గొంతు ఆ రొద మీద కూర్చుంది, ఎక్కడా సందు లేదు. తాండూరైనా వికారాబాదైనా తీగల్లో పారే కరెంటు ఒకటే, అక్కడ మిషన్లో మూలిగేదీ ఇక్కడ బాక్సులో మూలిగేదీ ఒకటే స్వరం. రొదనంతా గీకి తీశాడు గానీ ఆ రొదను పట్టుకునే అమ్మీ పాడిందని తోచలేదు. తానూ ఆ గోడకు ఆనుకునే స్వరాలు పేర్చాడు. ప్రపంచమంతా ఒక శ్రుతి పెట్టుకుంటే తన ఇల్లు ఇంకోటి పెట్టుకుంది, ఆ ఇంటి చెవితో ప్రపంచానికి తప్పులు దిద్దాడు. సాఫ్ట్‌వేరు నిమిషాల ముల్లు లేని గడియారం, ఆరు దాటి పావుగంటైనా దానికి ఆరే. అబ్బా ఆ రోజు చెవులు అదుముకుని విన్నది పాటనే. పాటంతా విని, అందులో ఉన్నదేదో అదే చెప్పాడు.

డచ్చి పాటను మళ్ళీ పైకి తెచ్చి తలెత్తి చూశాడు. జనం కళ్ళు మూసుకున్నారు. చేతులు పైకెత్తారు. ఆ వణుకుకు, ఆ కొట్లాటకు, ఇంతసేపట్లో ఎన్నడూ లేనంత పరవశంతో ఊగుతున్నారు. మాస్ పాట అడిగిన పిల్ల నోరు తెరుచుకుని ఆకాశంకేసి చూస్తోంది. అనిల్ పక్క నుంచి రెండు బొటనవేళ్ళూ ఎత్తి చూపించి, ఒక వేలితో గాల్లో సున్నా చుట్టాడు: నెలనెలా, నీదే. ఇక చేయాల్సిందల్లా డోలు దింపడం. దింపితే అయిపోయింది, ఆదివారం తనది, బండి మళ్ళీ ఎక్కక్కర్లేదు, ఒక్కడికీ తెలియదు, తెలియనే తెలియదు. ఇన్నాళ్ళూ వీళ్ళకేమీ తెలియదని ఈసడించుకుంటూ బతికాడు, ఇప్పుడు ఆ తెలియకపోవడమే తన అన్నం అవుతుంది. నెలనెలా వచ్చి ఈ మంద ముందు నిలబడి, తప్పుకు చప్పట్లు అందుకుని, పచ్చబొట్టు పొడిపించుకోవాలి. వాళ్ళ మీద ఉన్న అసహ్యమంతా తిరిగి వచ్చి తన మీదే కూర్చుంది. మంచిదే, దానికీ ఒక ఇల్లుండాలి కదా.

డచ్చి పాట మీట కిందికి లాగేశాడు. డోలు దింపలేదు. అమ్మీ గొంతు ఒక్కటే మిగిలింది, రొట్టె తిప్పుతూ పాడిన ముక్క, పక్కన ఏ స్వరమూ లేకుండా, కింద కరెంటు మూలుగుతూ. ఎత్తిన చేతులు కాసేపు గాల్లో ఆగి, ఒక్కొక్కటే దిగాయి. ఎవరో దగ్గారు. ఎవరో నవ్వారు. దూరంగా గ్లాసులు పెట్టిన చప్పుడు కూడా వినపడింది.

అనిల్ స్టేజీ ఎక్కాడు. "ఏమైంది భాయ్, సౌండ్ పోయిందా?"

"పోలె."

"మరి బీట్ ఏది? జనం ఆగిన్రు సాకిబ్."

"ఆగనీ."

అనిల్ ముఖంలో ఆదివారం ఆరిపోవడం సాకిబ్ కళ్ళారా చూశాడు, బాధ వేసింది, మస్తు బాధ వేసింది, నెలల చాకిరీ అది. ఏకే గడ్డం గోక్కుని పచ్చబొట్టు కుర్రాడికి సైగ చేశాడు. కుర్రాడు పరుగున వచ్చి పక్కన నిలబడి, ఇవాళ మొదటిసారి, హెడ్‌ఫోన్స్ చెవులకు పెట్టుకున్నాడు. తొందరపడకు నాయనా, అనుకున్నాడు సాకిబ్, ఇంకా ఒక ముక్క ఉంది.

స్టేజీ వెనక కాశిఫ్ ఎర్త్ కడ్డీ మీదికి వంగి ఉన్నాడు. క్యాను మూత తీసి ఉంది, చెయ్యి పక్కకు వాలింది, నీళ్ళు అంచు దాకా వచ్చి ఆగాయి. వాడు పొయ్యడం లేదు, వింటున్నాడు. పని మాటల తెలుగు మరిచిపోయి, ఇంటి మాట వచ్చింది వాడికి.

"అమ్మీ హై నా రే యే?"

అమ్మీయే అన్నట్టు సాకిబ్ తలూపాడు. కాశిఫ్ క్యాను వైపు చూశాడు, కడ్డీ వైపు చూశాడు, పొయ్యాలా అన్నట్టు కనుబొమ్మలెత్తాడు. ఈ గంటంతా వాణ్ణి వేధించింది దాని కోసమే మరి.

"నక్కో భాయ్," అన్నాడు సాకిబ్. "పొయ్యకు. మిషన్ బందైతే అమ్మీ పాడదు."